కృతజ్ఞతల పేజీ

ఆ మధ్యాహ్నం హాలు ఊడుస్తుంటే సోఫా కిందినుంచి చీపురుతో పాటు కాగితం ముక్కలు వచ్చాయి. వేలెడు వెడల్పున, పొడుగ్గా, బ్లేడుతో కోసిన ముక్కలు. పిల్లలు ఏదో కత్తిరించి పడేశారనుకుని చేటలోకి ఎత్తబోయిన ప్రేమలతకు ఒక ముక్క మీద తన చేతిరాతే కనబడింది. 'చేసి చూసిన. అంచు కాడ ఒక గడి ఎక్కువైతున్నది, మిగతాదంత బంగారం.' ఇంకో ముక్క తిప్పింది. 'కోదాడ కృష్ణమ్మ వేసిన చిలక.' ఇంకోటి. 'జమ్లీ వేసిన అద్దాల వరుస. ఆమె చెప్తే రాసింది కూతురు నీలా, ఆరో తరగతి.' చీపురు వదిలేసి అక్కడే నేల మీద కూర్చుంది. సోఫా కింద చెయ్యి పెట్టి ఒక్కొక్కటే లాగింది. పేర్లున్నాయి, మెచ్చుకోళ్లున్నాయి. బొమ్మలు మాత్రం లేవు. అవి ఆ పొద్దునే శంకర్ సంచిలో హైదరాబాదు వెళ్లిపోయాయి, అచ్చు బ్లాకులు చేయించడానికి.

శంకర్ ఆమె భర్త. మిర్యాలగూడలో వాళ్లది రైసు మిల్లు. ఆ బొమ్మలన్నీ ఉన్న పుస్తకాన్ని వారం కింద ఆమే తన చేతులతో తీసి అతనికిచ్చింది. నవ్వుతూ ఇచ్చింది. అదే ఇప్పుడు గుచ్చుకుంటున్నది.

ఆ పుస్తకం పుట్టి అప్పటికి ఏడేళ్లు. ఎనభై ఆరు ఎండాకాలంలో ప్రేమలత సూర్యాపేటలో పుట్టింటికి పోయినప్పుడు ఆ వాడలో ప్లాస్టిక్ వైరుతో బుట్టలల్లడం నేర్పుతున్నారంటే తనూ పోయి కూర్చుంది. నేర్పింది కోదాడ హైస్కూల్లో కుట్లూ అల్లికలూ చెప్పే కృష్ణమ్మ టీచరు. పది రోజులయ్యాక విడిపోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. అప్పుడు కృష్ణమ్మ లెక్కలు చేసుకునే గళ్ల నోటుబుక్కు ఒకటి తెప్పించి, మొదటి పేజీలో రంగు పెన్సిళ్లతో గళ్లు నింపి ఒక చిలకను వేసింది. "ఈ పుస్తకం ఒకరి నుంచి ఒకరికి తిరుగుతుందమ్మా," అంది. "తీసుకున్నవాళ్లు ఊరికే పోకూడదు. ఎవరిది చూసి అల్లారో పేరు రాయాలి. ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాయాలి. ఆ తర్వాత మీది ఒకటి పెట్టి పంపాలి." అంతే, ఇంక వేరే కట్టుబాటు లేదు. పుస్తకం బుక్ పోస్టులోనో, తెలిసినవాళ్లు ఎక్కిన బస్సులోనో సూర్యాపేట నుంచి కోదాడకు, కోదాడ నుంచి మిర్యాలగూడకు తిరిగింది. అట్ట చినిగితే ఎవరో గుడ్డ అంటించారు, పేజీలైపోతే ఎవరో కొత్తవి కుట్టారు.

ప్రేమలత కాపురానికొచ్చి అప్పటికి ఐదేళ్లు. పొద్దున ఐదింటికి లేస్తే పొయ్యి, పిల్లలు, మిల్లులో గుమాస్తాలకు టీలు, అత్త పూజ సామాన్లు, మామ ఆరోగ్యం, మధ్యాహ్నం వచ్చే చుట్టాలు. ఆ ఇంట్లో కూర బాగుంటే ఎవరూ మాట్లాడరు. ఉప్పు తక్కువైతేనే నోళ్లు లేస్తాయి. మాట్లాడకుండా తిన్నారంటే బాగుందన్నట్టే అని ఆమె తనకు తానే సర్ది చెప్పుకునేది. అలాంటిది, రెండో చుట్టు తిరిగి పుస్తకం చేతికొచ్చినప్పుడు తను వేసిన నెమలి కింద ఎవరిదో గుండ్రటి రాత కనబడింది. 'మిర్యాలగూడ ప్రేమలత నెమలిని అల్లిన. మా వాడోళ్లంత వొచ్చి సూసి పోయిన్రు. ఆమె చేతికి మొక్కాలె.' పొయ్యి ముందు నిలబడి ఆ మూడు వాక్యాలు ఎన్నిసార్లు చదివిందో తెలియదు. ఆరోజు పప్పు మాడింది. మాడిన సంగతి మాత్రం ఇంటిల్లిపాదీ గమనించారు. అత్త ఆండాళు, "పనిలేనిదానికి వైరే పని," అంది. ఆ మాట ఆ తర్వాత ఇంట్లో సామెత అయిపోయింది. వచ్చినవాళ్లకు కూడా చెప్పి నవ్వేది. ఆ నవ్వేవాళ్లే పోతూ పోతూ ఒక బుట్ట అడిగి పట్టుకుపోయేవారు. ఆండాళు తన చేతులతో ఇచ్చి పంపేది.

జమ్లీ నిడమనూరు దగ్గరి తండా నుంచి మిల్లులో వడ్లు ఎండబోసే కూలికి వచ్చేది. ఒకరోజు నీళ్లకని పెరట్లోకొచ్చి, సగం అల్లిన బుట్టను చూసి ఆగిపోయింది. "ఇయ్యమ్మా, జర సూస్త," అని తీసుకుని, రెండు రంగుల వైర్లు మార్చి మార్చి ముడేస్తూ తన రవిక మీది అద్దాల వరుసను అట్లనే బుట్ట మీదికి దింపింది. ప్రేమలత బుట్టను తిప్పి తిప్పి చూసింది. ఏళ్ల తరబడి తాము చిలకలు, పూలు, నెమళ్లు అంటూ తిరుగుతున్నారు. ఈమె వాటి జోలికే పోకుండా గీతలతోనే మెరుపు తెచ్చింది. ఆ వారమే జమ్లీ పేరు పుస్తకంలోకెక్కింది. ఆమె చెప్పింది నీలా హాస్టలు నుంచి వచ్చినప్పుడల్లా రాసేది. పుస్తకం పోయిన ప్రతి ఊరి నుంచీ జమ్లీ బొమ్మల కింద వరుసగా మాటలు వచ్చేవి. ప్రేమలత చదివి వినిపిస్తే, "ఇంకోసారి సదువక్కా," అనేది జమ్లీ. అయితే వినేది పెరటి అరుగు మీద కూర్చునే. నీళ్లు తాగేది గూట్లో విడిగా పెట్టిన గ్లాసుతోనే. ఆ గ్లాసు అక్కడ పెట్టుమని ఆండాళు ఒక్కసారే చెప్పింది. రెండోసారి చెప్పించుకోకుండా పెట్టింది ప్రేమలతే.

తొంభై మూడులో ఆండాళు పట్టణంలోని వ్యాపారస్తుల ఇళ్ల ఆడవాళ్ల సంఘానికి అధ్యక్షురాలైంది. అయిన ఏడాది ఏదైనా గుర్తుండే పని చేయాలని పట్టింది. శంకర్ ఆలోచన చెప్పాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ బుట్టలను చూసి ముచ్చటపడుతున్నారు కదా, ఆ బొమ్మలన్నీ పుస్తకంగా వేద్దామన్నాడు. ఆ సాయంత్రం మొదటిసారి ప్రేమలతను కూర్చోమని, ఆ నోటుబుక్కు తెప్పించి, పేజీలు తిప్పాడు. 'బాగున్నయే' అన్నాడు. పన్నెండేళ్ల కాపురంలో విన్న ఆ ఒక్క మాటకు పొంగిపోయి, పుస్తకం అతని చేతిలోనే వదిలేసింది. ఒక్కో బుట్ట ఎట్లా మొదలుపెట్టాలో, ఏ రంగు తర్వాత ఏది రావాలో నలభై రెండింటికీ రాసిచ్చింది. అట్ట మీద ఎవరి పేరు వేస్తారని అడగాలని కూడా తట్టలేదు.

మర్నాడు శంకర్ హైదరాబాదు నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు అడిగింది, పేర్లు ఎందుకు కోశారని. అతను పెరుగు కలుపుకుంటూనే చెప్పాడు.

"బ్లాకుకు అడ్డమొస్తయి. అయినా గళ్లు నింపుడు గూడ ఒక పనేనా, దానికి మళ్ల పేర్లు? అట్ట మీద అమ్మ పేరుంటే సంఘానికి ఇజ్జత్. నీది నాది అని ఇంట్ల ఉంటదానే?"

పక్కనే కూర్చున్న ఆండాళు, "నా పేరు పక్కకు లంబాడోళ్ల పేరా? నలుగురు ఏమనుకుంటరు," అంది. అని, నెయ్యి గిన్నె ఇటు జరుపుమంది. ప్రేమలత జరిపింది.

జమ్లీకి చెప్పక తప్పలేదు. మిల్లు కల్లంలో వడ్లు తిరగేస్తున్న ఆమె దగ్గరికి పోయి, పుస్తకం వస్తున్నదనీ, పేర్లు ఉండవనీ చెప్పింది. తన భర్త ఎట్లా చేశాడో, అత్త ఏమన్నదో చెప్పుకుంటూ పోయింది. జమ్లీ కాలితో వడ్లు నెరుపుతూనే అంతా విన్నది. చివరికి ఒక్క మాట అడిగింది.

"నువ్వు ఇయ్యకపోతే వాళ్లకెట్ల దొరికిందక్కా?"

వడ్ల కుప్ప ఆ చివరి దాకా నెరుపుకుంటూ పోయింది.

ఆ మాటతో ప్రేమలతకు ఏడుపు రావలసింది. రాలేదు. పగ అనేది వేరేవాళ్లకు ఉండేదనీ, తనలాంటివాళ్లకు మిగిలేది బాధ మాత్రమేననీ ఇన్నాళ్లూ అనుకున్నది. ఇప్పుడు లోపల ఏదో చల్లగా, నిదానంగా వచ్చి కూర్చున్నది. దానికి తొందర లేదు. బియ్యంలో రాళ్లేరుతున్నప్పుడు, పిల్లల డబ్బాలు కడుగుతున్నప్పుడు, అత్త కాళ్లకు నూనె రాస్తున్నప్పుడు అది పక్కనే ఉండి ఆలోచిస్తున్నది. గొడవ పెట్టుకుంటే నాలుగు రోజుల్లో మర్చిపోతారు. అలిగితే అన్నం తినమని ఒకసారి అని ఊరుకుంటారు. వాళ్లకు మర్చిపోవడానికి వీల్లేనిది ఏదన్నా కావాలి. అట్లాంటిదాన్ని వాళ్లే తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

ప్రెస్సు సూర్యాపేటలో. శంకర్‌కు తెలిసిన రామనర్సయ్యది. "ప్రూఫులు నువ్వే సూడు," అన్నాడు శంకర్. "మీ అమ్మోళ్ల ఇల్లు గాడనే గద. పుట్టింటికి పోయినట్టుంటది, పనైనట్టుంటది." తనకు సీజను పని, టైం లేదన్నాడు. మా ఇంటామె సంతకం పెడితే అచ్చేసుకోండని రామనర్సయ్యకు ఫోనులో చెప్పాడు. ఆ మాటలు ప్రేమలత ఎదురుగా నిలబడి విన్నది.

ముందు పుట్టింటి చిరునామాతో, పుస్తకంలో బొమ్మలు వేసిన అందరికీ కార్డులు రాసింది. జరిగిందంతా దాచకుండా రాసి, మీ పేరు అచ్చులో వేయమంటారా అని అడిగింది. అందరూ జవాబిచ్చారు. కృష్ణమ్మ రాసింది: 'నా పేరు వేసినా వేయకపోయినా ఫరవాలేదమ్మా. జమ్లీ పేరు మాత్రం తప్పు లేకుండా వెయ్యి.' జమ్లీకి కార్డు రాయలేదు. తనే తండాకు పోయి, గుడిసె ముందు నిలబడి అడిగింది. "పేరొక్కటే రాస్తే ఏ జమ్లీ అనుకుంటరు? తండా పేరు గూడ రాయి," అంది జమ్లీ.

కోసిన ముక్కలన్నీ చీర మడతలో పెట్టుకుని సూర్యాపేట పోయింది. అక్షరాలు పేర్చేది సైదయ్య అనే పెద్దాయన. నల్లబడిన వేళ్లతో గూళ్లలోంచి సీసపు అక్షరాలు ఏరుతూ, ఆమె తెచ్చిన ముక్కలను బల్ల మీద పరిచి, ఏది ఏ బొమ్మ కిందికి వస్తుందో అడిగి పేర్చాడు. అట్ట జోలికి ప్రేమలత పోలేదు. 'వైరు అల్లికలు — శ్రీమతి ఆండాళు' అని పెద్దక్షరాల్లో వాళ్లు అడిగినట్టే ఉంచింది. ఐదోసారి పోయినప్పుడు ఇంకో కాగితం ఇచ్చింది, చివరి పేజీకి. సైదయ్య సగం దాకా చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఇంట్ల తెలుసా అమ్మా?"

"అచ్చయినంక తెలుస్తది."

యజమాని చూస్తాడేమోనని ఆమె భయపడింది. ఆయన సదవడు, సంతకం ఉన్నదా లేదా అదొక్కటే చూస్తాడన్నాడు సైదయ్య. ఆ తర్వాత, ఎవరితోనో అన్నట్టు, ముప్పై ఏండ్ల సంది అందరి పేర్లు పేరుస్తున్న, నా పేరు ఎన్నడు పేర్వలే అన్నాడు. ప్రేమలత కాగితం తీసుకుని అడుగున ఒక వరుస రాసింది. 'అక్షరాలు పేర్చినది సైదయ్య.' అంతసేపూ టకటకా కదిలిన ఆయన చెయ్యి ఆ మూడక్షరాల కోసం గూళ్ల మీద మెల్లగా తిరిగింది. ప్రేమలత ప్రతి ప్రూఫు మీదా తేదీ వేసి సంతకం పెట్టింది.

పుస్తకాల కట్టలు ఆవిష్కరణ రోజు పొద్దుటికి గానీ మిర్యాలగూడకు రాలేదు. కట్టలు అట్లనే కల్యాణ మండపానికి పోయాయి. రెండు వందల మంది ఆడవాళ్లు. వెనక వరుసల్లో ప్రేమలత పిలిచినవాళ్లు, కోదాడ నుంచి కృష్ణమ్మ, సూర్యాపేటవాళ్లు, నీలాతో కలిసి జమ్లీ. ప్రేమలత పక్క గదిలో ఉప్మా ప్లేట్లు సర్దుతున్నది. ముఖ్య అతిథిగా వచ్చిన మేడం అట్ట విప్పి, ఆండాళు ఓపికను, కళాదృష్టిని పొగిడి, ఏదో చదువుదామని చివరి పేజీ తెరిచి ఆగిపోయింది. మూసి ఆండాళు వైపు చూసింది. ఈలోగా పుస్తకాలు అందరికీ పంచారు. మేడం ఏం చూసి ఆగిందోనని ఒకరిని చూసి ఒకరు చివరి పేజీ తిప్పారు. హాలంతా గుసగుసలు.

ఆండాళు ముఖం వెలిగిపోయింది. చదివే అద్దాలు ఇంట్లో మర్చిపోయింది. తన గురించి ఏదో గొప్పగా రాశారని తెలుస్తూనే ఉన్నది. "ప్రేమా, ఇటు రా. ఎనక పేజీల ఏమో రాసిన్రంట. మైకు కాడ సదువు, అందరు వింటరు."

ప్రేమలత చేతులు కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. "సదవాల్నా అత్తమ్మా?"

"సదువంటున్న గద."

చదివింది.

"కృతజ్ఞతలు. ఈ పుస్తకంలో నలభై రెండు అల్లికలున్నాయి. వాటిని వేసిన పదకొండు మంది పేర్లు, ఊర్లు ఆయా బొమ్మల కింద ఉన్నాయి. ఇది వారి పుస్తకం.

"అట్ట మీద పేరున్న మా అత్తగారు శ్రీమతి ఆండాళు గారికి కృతజ్ఞతలు. ఏడేళ్లు ఈ పనిని పనిలేనిదాని పని అన్నారు. ఇందులో ఒక్క ముడి కూడా వేయలేదు. ఒక్క పేజీ కూడా తెరవలేదు. తెరిచి ఉంటే ఇది అచ్చయ్యేది కాదు.

"నా భర్త శ్రీ శంకర్ గారికి కృతజ్ఞతలు. మా అందరి పేర్లూ బ్లేడుతో ఒక్క రాత్రిలో కోశారు. ముక్కలు ఏరి అతికిస్తుంటే ఎవరెవరు ఎంత ఇచ్చారో నాకు మళ్లీ తెలిసొచ్చింది. ప్రూఫులు చూసే తీరిక తమకు లేదన్నందుకు మరీ మరీ కృతజ్ఞతలు.

"తొమ్మిది అల్లికలు ఇచ్చిన జమ్లీకి కృతజ్ఞతలు చెప్పే ముఖం నాకు లేదు. ఆమెను పెరటి అరుగు మీద కూర్చోబెట్టాను. వేరే గ్లాసులో నీళ్లిచ్చాను. ఆమె పని ఆమెను అడగకుండా ఇంట్లోవాళ్ల చేతిలో పెట్టాను. ఇది క్షమాపణ. ప్రేమలత."

సైదయ్య పేరు కూడా చదివి పుస్తకం మూసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనకెక్కడో ఒకామె ఫక్కున నవ్వి నోరు మూసుకున్నది. శంకర్ వేదిక మెట్ల దాకా దూసుకొచ్చి, అందరూ చూస్తున్నారని అక్కడే ఆగిపోయాడు. ఆండాళు కుర్చీలో అట్లనే ఉన్నది. ముఖం మీది నవ్వును ఏం చేయాలో తెలియక అది సగంలో నిలిచిపోయింది. ఆ సగం నవ్వును ప్రేమలత తనివితీరా చూసింది. జాలి వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి కూడా చూసింది. రాలేదు. తియ్యగా ఉన్నది, అబద్ధమెందుకు.

వెనక జమ్లీ, నీలాను ఒక్కో పేజీ తిప్పమని, తన పేరున్న చోటల్లా వేలు పెట్టించుకుని, తొమ్మిదీ ఉన్నాయో లేవో చూసుకుంటున్నది.

ఇంటికొచ్చాక శంకర్ గొంతు మిల్లు దాకా వినిపించింది. గిట్ల రాయమని నిన్ను ఎవడన్నడని అడిగాడు. ప్రూఫులు చూడమన్నది మీరే అంది. పుట్టింటికి పొమ్మన్నాడు. "పోయొచ్చిన. ఐదుసార్లు పంపిన్రు," అంది. అతను సూర్యాపేట పోయి రామనర్సయ్య మీద కేకలేస్తే, ఆయన ప్రూఫుల కట్ట తెచ్చి ముందు పెట్టాడట. ప్రతి కాగితం మీదా మీ ఇంటామె సంతకమే, ఇంకేం కావాలన్నాడట. పుస్తకాలు వెనక్కి తెప్పిద్దామని ఇల్లిల్లూ తిరిగారు. ఒక్కరూ ఇవ్వలేదు. ఎక్కడ పెట్టినమో కనపడ్తలేదన్నారు అందరూ, ఒకరికొకరు చెప్పుకున్నట్టు.

ఇంట్లో మాటలు బందయ్యాయి. ప్రేమలతకు అది శిక్షలా అనిపించలేదు. ఉప్పు తక్కువైనా ఎవరూ అనడం లేదు.

ఇరవై రోజుల తర్వాత ఆండాళే మొదట నోరు విప్పింది. దసరా సెలవుల్లో పుస్తకంలోని అల్లికలు తనే నేర్పుతానని ఆమె ఆవిష్కరణ సభలోనే, అతిథి మాట్లాడకముందే, ప్రకటించేసింది. అరవై మంది పేర్లిచ్చారు. ఇప్పుడు కాదంటే అధ్యక్ష పదవి పోతుంది. వంటింటి గడపలో నిలబడి, "నువ్వు పక్కన కూసోని మెల్లగ చెప్తుండు. నేను ముందల సూపిస్త," అంది. గొంతులో ఆజ్ఞ లేదు. బతిమాలడం కూడా ఇంకా రాలేదు.

ప్రేమలత స్టవ్ తగ్గించి ఇటు తిరిగింది. ఇన్నేళ్లూ ఈ మాట కోసమే ఎదురుచూసినట్టు, ఇప్పుడది అక్కర్లేకుండా పోయినట్టు, రెండూ ఒకేసారి అనిపించాయి.

"క్లాసు జమ్లీ చెప్తది అత్తమ్మా. తండాకు పోయి అడిగొచ్చిన, ఒప్పుకున్నది. మీరు నేర్చుకునేటోళ్లల్ల కూసోవాలె. ఇష్టమైతే రాండ్రి."

సెలవుల మొదటి రోజు ఆండాళు వచ్చింది. మండపంలో కింద పరిచిన జంపఖానా మీద మూడో వరుసలో, పట్టుచీర మోకాళ్ల కింద సర్దుకుని కూర్చుంది. ముందు కుర్చీలో జమ్లీ. అందరికీ వైర్లు పంచి, మొదటి ముడి ఎట్లా వేయాలో రెండుసార్లు చూపించి, వరుసల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరిదీ చూసింది. ఆండాళు ముడి వదులైంది. జమ్లీ వంగి దాన్ని విప్పి, "మళ్ల ఎయ్యమ్మా," అని ముందుకు పోయింది. ఆండాళు మళ్లీ వేసింది. మళ్లీ వదులైంది. తలెత్తి హాలంతా వెతికి, గోడకు ఆనుకుని కూర్చున్న కోడలి వైపు చూసింది.

ప్రేమలత లేవలేదు.